బుల్లెట్‌కి నావిగేషన్ తెర: పది నెలల వాడకం తర్వాత

మొదటే చెప్పేస్తాను. బండికి జీపీఎస్ కొనాలనుకునేవాళ్లు తెర ఎన్ని అంగుళాలు, వెలుతురు ఎంత, ఏ మ్యాప్ వస్తుంది అని నెల రోజులు వీడియోలు చూస్తారు. నేనూ చూశాను. పది నెలలు, దాదాపు తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగాక తెలిసిందేమిటంటే తెర సంగతి తర్వాత, ముందు దాన్ని హ్యాండిల్‌కి ఎలా బిగించారు, కరెంటు ఎక్కణ్నుంచి తీశారు అన్నది చూసుకోవాలి. ఆ రెండూ కుదరకపోతే ఎంత డబ్బు పోసి కొన్నదైనా సరిగ్గా అవసరమైన చోటే మొరాయిస్తుంది.

మాది కర్నూలు. డ్రిప్ సామాను అమ్మే పని, వారంలో మూడు రోజులు ఊళ్లు పట్టుకుని తిరగాలి. ఆదోని, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, ఒక్కోసారి జమ్మలమడుగు దాకా. బండి 350 సీసీ బుల్లెట్, కిక్ లేని కొత్త మోడల్. ఈ కిక్ లేదన్న మాట గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పని ఉంది.

ఇంతకుముందు ఫోన్‌నే హ్యాండిల్‌కి తగిలించేవాణ్ని. ఏడాదిన్నర అలాగే నడిచింది. తర్వాత ఒకరోజు రైతు పొలంలో ఫిల్టర్ మీది నంబరు ఫొటో తీయబోతే తెరలో అంకెలు నీళ్లలో చూసినట్టు ఊగుతున్నాయి, ఎంతసేపు పట్టుకున్నా ఫోకస్ కుదరడం లేదు, చెవి దగ్గర పెట్టుకుంటే కెమెరాలోంచి సన్నగా జుయ్‌మని శబ్దం. రిపేరు అబ్బాయి ఫోన్ చూడకముందే "బుల్లెట్ ఉందా అన్నా?" అని అడిగాడు. మంచి ఫోన్లలో చెయ్యి వణికినా ఫొటో కదలకుండా ఉండడానికి లెన్స్‌ని గట్టిగా బిగించకుండా తేలేట్టు పెడతారు, ఇంజిన్ అదురు హ్యాండిల్ ద్వారా నేరుగా దానికి తగిలితే నెలల తరబడి దెబ్బలు తిని అది పట్టు తప్పుతుంది. ఆపిల్ కంపెనీ 2021 సెప్టెంబర్‌లో ఇదే విషయం బయటికి చెప్పింది, పెద్ద ఇంజిన్ల మోటార్ సైకిళ్ల మీద ఐఫోన్ బిగించవద్దని. ఒకే సిలిండర్ బండికి ఆ అదురు ఎంత ఉంటుందో బుల్లెట్ నడిపేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కెమెరా మార్చడానికి నాకు ఆరు వేలు అయింది.

కొనేముందు మూడు రకాలు చూశాను. ఒకటి, మోటార్ సైకిళ్ల కోసమే చేసిన అసలైన నావిగేటర్. గార్మిన్ జూమో ఎక్స్‌టీ లాంటిది, ఐదున్నర అంగుళాల తెర, మ్యాపులు దాంట్లోనే ఉంటాయి, చేతి తొడుగులతో నొక్కినా పలుకుతుంది, వానకి భయం లేదు. లడఖ్, స్పితి వెళ్లేవాళ్లు కొనుక్కోవచ్చు, నా పనికి ఆ ధర ఎక్కువ. రెండోది, రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్ బండితో తెచ్చిన ట్రిప్పర్ తరహా చిన్న గుండ్రటి తెర, ఎటు తిరగాలో బాణం గుర్తు, ఇంకెంత దూరమో అంకె, అంతే. హైవే మీద అది చాలు. మా పల్లె దారుల్లో మూడు బాటలు ఒకేచోట చీలితే బాణం ఏ బాటని చూపిస్తోందో తెలియదు, మ్యాప్ కనిపించాల్సిందే. అందుకని మూడోది కొన్నాను: ఫోన్ జేబులోనే ఉంటుంది, ఐదు అంగుళాల తెర హ్యాండిల్ మీద ఉంటుంది, ఫోన్‌లోని గూగుల్ మ్యాప్ ఆండ్రాయిడ్ ఆటో ద్వారా వైర్ లేకుండా తెర మీద పడుతుంది. ఆన్‌లైన్‌లో 7,800. ఇలాంటివి పది పేర్లతో అమ్ముతున్నారు, లోపల సరుకు దాదాపు ఒకటే, అందుకే కంపెనీ పేరు రాయడం లేదు.

మొదట బిగించినచోట నాకు జరిగింది చెబుతాను, మీకు జరగకూడదని. ఒక యాక్సెసరీస్ షాపులో ఇచ్చాను, అరగంటలో పని అయిపోయిందన్నారు. తెరని అద్దం కాడకి పొడుగాటి ఊచతో తగిలించారు, రెండు వైర్లు తీసుకెళ్లి బ్యాటరీకి కలిపేశారు. అద్దం కాడ అసలే ఊగేది, దాని మీద ఊచ, ఊచ చివర పావు కిలో బరువు, అరవై దాటితే తెర మీద అక్షరం చదవలేం. దాని కన్నా పెద్ద తప్పు వైరింగ్. తాళం తీసేసినా తెరకి కరెంటు పోతూనే ఉంది, తెర నల్లగా ఉంటుంది కాబట్టి ఆగిపోయిందనుకుంటాం, లోపల మెలకువగానే ఉంటుంది. దసరాకి ఐదు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ కిందికి దిగిపోయింది. సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్‌మని శబ్దం తప్ప ఇంజిన్ తిరగదు, కిక్ లేదు, దాదాపు రెండు క్వింటాళ్ల బండి. పక్కింటి పిల్లలు ఇద్దరు వచ్చి తోశారు.

తర్వాత ఒక స్నేహితుడు బళ్లారి చౌరస్తా వైపు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పనిచేసే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపాడు. అరవై దాటిన సాయిబు. నేను తెర చూపిస్తుంటే ఆయన తెర చూడలేదు, బండెక్కి కూర్చోమన్నాడు. "రోడ్డు మింద ఎట్ల పోతావో అట్ల కూచో నాయనా. ముందుకి సూడు" అన్నాడు. నా చూపు ఎక్కడ నిలుస్తోందో చూసి, హ్యాండిల్ మధ్యలో, మీటరుకి కొంచెం పైన, సుద్దముక్కతో గీత పెట్టాడు. తల వంచకుండా కనుగుడ్డు దించితే కనబడాలి అన్నది ఆయన లెక్క. చట్టం చెప్పేదీ అదే, 2020 అక్టోబర్ నుంచి వచ్చిన నిబంధన ప్రకారం నడిపేటప్పుడు ఫోన్ దారి చూసుకోడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడాలి. సెకనుకి ముప్పై నలభై అడుగులు పోయే బండి మీద తల వంచి చూడడం అంటే అన్ని అడుగులూ కళ్లు మూసుకుని పోవడమే.

బిగింపుకి ఇనుప బంతి ఉన్న క్లాంపు నేనే కొనుక్కెళ్లాను, 1,450. క్లాంపు నోరు హ్యాండిల్ కన్నా పెద్దది, దాంతోపాటు ఇచ్చిన ప్లాస్టిక్ బద్ద పెట్టినా ఒక వెంట్రుక వాసి ఖాళీ ఉంది. సాయిబు ఆ బద్ద పక్కన పడేసి పాత లారీ ట్యూబు తీసుకుని, నోటితో కత్తెర మట్టి ఊది, నాలుగు వేళ్ల వెడల్పు ముక్క కత్తిరించి, హ్యాండిల్‌కి ఒక్క చుట్టు చుట్టి, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా వేలితో తడిమి చూసి అప్పుడు క్లాంపు వేశాడు. రబ్బరు అంచు ఎక్కితే అక్కడ ఎత్తు వచ్చి నట్టు ఎంత బిగించినా వారానికి వదులవుతుందట. నట్లు వదలకుండా లోపల నైలాన్ వలయం ఉన్నవి వేశాడు. తెర వెనక చేయి వీలైనంత పొట్టిది పెట్టించాడు. తర్వాత హ్యాండిల్‌ని ఎడమకి, కుడికి చివరిదాకా తిప్పి క్లాంపు ట్యాంకుకి తగులుతుందా, తాళం పెట్టడానికి చెయ్యి పడుతుందా, మీటర్లో దీపాలు కనబడుతున్నాయా అని చూశాకే చివరి బిగింపు.

వైరింగ్‌కి మాత్రం గంటన్నర పట్టింది. ట్యాంకు దించి, టెస్ట్ ల్యాంపు పట్టుకుని తాళం తిప్పుతూ ఒక్కో వైరు చూశాడు. తాళం తిప్పితే వెలిగేది, తీస్తే ఆరిపోయేది, అదే మనకి కావాలి. టెయిల్ ల్యాంపుకి వెళ్లే వైరులోంచి సన్న వైరు తీసి దాంతో చిన్న రిలేని, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే, ఆపే స్విచ్చుని, నడిపించాడు, అసలు కరెంటు మాత్రం బ్యాటరీ నుంచి మూడు ఆంపియర్ల ఫ్యూజు మీదుగా వస్తుంది. అంటే తాళం తీస్తే తెర పూర్తిగా ఆగిపోతుంది, ఎప్పుడైనా వైరు షార్ట్ అయితే ఫ్యూజు పోతుంది, బండి ఆగదు. హ్యాండిల్ మెడ దగ్గర వైరు వదులుగా వంకీ పెట్టి తొడుగు వేశాడు, లాగి కడితే హ్యాండిల్ తిరిగినప్పుడల్లా అక్కడే తెగుతుంది. కూలి 400, ఫ్యూజు రిలే తొడుగులు కలిపి 260. కంపెనీ వారంటీ ఉన్న బండి అయితే ఒరిజినల్ వైర్లు కోయించవద్దు, కోయకుండా కలిపే జాయింట్లు దొరుకుతాయి, అవి అడగండి.

కార్తీకంలో శ్రీశైలం వెళ్లాం. నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా, సుమారు 180 కిలోమీటర్లు. ఆత్మకూరు దాటి నల్లమల లోపలికి వెళితే చాలాచోట్ల ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. అక్కడ జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. జీపీఎస్‌కి టవరుతో పనిలేదు, ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సంకేతాలు వింటుంది, నాలుగు దొరికితే మనం ఎక్కడున్నామో లెక్కగడుతుంది. నెట్ కావలసింది మ్యాప్ బొమ్మకి. రాత్రే ఇంట్లో కర్నూలు నుంచి శ్రీశైలం దాకా మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను, ఆత్మకూరులో టీ తాగేటప్పుడే దారి మొదలుపెట్టాను. నెట్ లేనిచోట కొత్తగా మొదలుపెడితే ఉపగ్రహాలని పట్టుకోడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ముందే మొదలుపెడితే చెట్ల కింద కూడా వదల్లేదు. ఘాట్ మలుపుల్లో ముందు వచ్చే వంపు ఎంత పదునో తెరలో కనబడుతుంటే కొత్త దారి అన్న టెన్షన్ సగం తగ్గింది. తిరుగు ప్రయాణంలో ఎన్నింటికి చేరతామో చూపించడం ఇంకా ఉపయోగపడింది, రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూసేస్తారు, మేం ఎనిమిదిన్నర లోపే దోర్నాల చేరాం.

మ్యాప్‌ని గుడ్డిగా నమ్మొద్దనీ చెప్పాలి. డిసెంబర్లో వాన పడ్డ మర్నాడు కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగు వైపు పోతుంటే పదకొండు నిమిషాలు దగ్గర అని ఒక అడ్డదారి చూపించింది, తిరిగాను. అది శనగ చేల మధ్య నల్లరేగడి బాట. మూడు వందల గజాలు పోయేసరికి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి పిండిముద్దలా నిండిపోయి ముందు చక్రం తిరగడం మానేసింది. చేలో ఉన్న పెద్దాయన వచ్చి కర్రతో మట్టి గీకుతూ "వానబడినంక ఈ దారెంబడి ఎద్దులబండి గూడా రాదబ్బీ, ఊర్లో అడగగూడదా" అన్నాడు. నిజమే, తెరకి దారి తెలుసు, మట్టి తెలియదు. అప్పట్నుంచి వానాకాలంలో దగ్గరి దారి అంటే నేను తీసుకోను, తీసుకోవాలనిపిస్తే ఊరి మొదట్లో టీ బంకు దగ్గర అడుగుతాను. ఇంకొకటి, మన వైపు ఒకే పేరుతో అరడజను కొత్తపల్లెలు ఉంటాయి, ఊరి పేరుతో పాటు మండలం కూడా కొట్టండి.

తెర విషయానికొస్తే, వానలో రెండుసార్లు తడిసింది, ఏమీ కాలేదు. మే నెల మధ్యాహ్నం కర్నూలు ఎండలో మాత్రం వెలుతురు చాలదు, పైగా తెల్ల చొక్కా వేసుకుంటే తెరలో మ్యాప్ బదులు చొక్కానే కనబడుతుంది. తెరని కొంచెం కిందికి వంచితే చాలావరకు పోయింది, ముదురు రంగు జాకెట్ వేసుకుంటే ఇంకా నయం. బండి ఆన్ చేశాక ఫోన్‌తో కలవడానికి అర నిమిషం పడుతుంది. జేబులో ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ గబగబా దిగుతుంది, రోజంతా తిరిగేవాళ్లు ట్యాంకు దగ్గర చార్జింగ్ పాయింటు కూడా అదే రిలే మీద తీయించుకోండి. హెల్మెట్‌లో బ్లూటూత్ ఉంటే తెలుగు గొంతు పెట్టుకోండి, ఊళ్లో ట్రాఫిక్‌లో తెర వైపు చూసే పనే ఉండదు. తెరని నిలిపిన చోట వదిలేసి వెళ్లవద్దు, క్లాంపు నుంచి ఊడదీసి సంచిలో వేసుకోండి, నేను రాజ్ విహార్ దగ్గర టిఫిన్‌కి ఆగినా తీసేస్తాను.

మొత్తం 9,910 అయింది, మొదటి షాపులో పోయిన ఆరు వందలు కాకుండా. నెలకోసారి నట్లు పాన పెట్టి చూస్తున్నాను, ఇప్పటిదాకా ఒక్కటీ వదులు కాలేదు. ట్యూబు ముక్క మాత్రం ఎండకి అంచు పగిలింది, ఈ వారం మార్పించాలి. సాయిబు పొద్దున తొమ్మిదిన్నర తర్వాతే షెడ్డు తెరుస్తాడు, శుక్రవారం మధ్యాహ్నం ఉండడు, తెరతో పాటు క్లాంపు కూడా మీరే కొని తీసుకెళ్లండి.