పన్నెండు గంటలు బయట నిలిచే ఎలక్ట్రిక్ సైకిలుకు ఏ తాళం వేయాలి

నేను ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఉదయం 7 గంటలకు డ్యూటీలోకి వెళ్తే రాత్రి 7.30 వరకు నా ఎలక్ట్రిక్ సైకిలు ఆరుబయట, నా చూపు ఆనని చోట నిలబడి ఉంటుంది. 2022 చలికాలంలో ఒక రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి స్టాండు దగ్గర సైకిలు లేదు. నేను వేసి వెళ్లిన వైరు తాళం మాత్రం రెండు ముక్కలై నేల మీద పడి ఉంది. జీతంలో నెలనెలా కోత పెట్టించుకొని కొన్న సైకిలు కావడంతో, అది పోయిన తరువాత కూడా ఏడు నెలల పాటు దాని వాయిదాలు కడుతూనే ఉన్నాను. అందుకే రెండో సైకిలు కొనక ముందే తాళాల గురించి చదవడం, దుకాణాలలో చేతితో పట్టుకొని చూడడం, సహోద్యోగుల తాళాలు అడిగి తీసుకొని నా స్టాండుకు వేసి చూడడం మొదలుపెట్టాను. ఆ పరిశీలనలో తేలినదీ, ఏడాదిన్నరగా రోజూ వాడుతున్న తాళాల గురించి నాకు ఏర్పడిన అభిప్రాయమూ ఇక్కడ రాస్తున్నాను.

మన ఊళ్లలో సైకిలు వెనక చక్రానికి బిగించి ఉండే చిన్న తాళంతోనే ఒక తరం గడిచిపోయింది. స్టేషను దగ్గర సైకిలు స్టాండులో చీటీ రాసిచ్చే మనిషి ఉండేవాడు, బజారులో టీ కొట్టు ముందు నిలిపితే కొట్టతను ఒక కన్ను వేసి ఉంచేవాడు. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చిన మనవాళ్లు చాలామంది మొదటి సైకిలును నాలాగే పోగొట్టుకుంటారు. కేంబ్రిడ్జ్ స్టేషను పక్కన 2016లో కట్టిన అంతస్తుల సైకిలు స్టాండులో దాదాపు మూడు వేల సైకిళ్లు పడతాయి. అన్ని సైకిళ్ల మధ్య ఒకడు వంగి తాళంతో కుస్తీ పడుతుంటే, తాళంచెవి పోగొట్టుకున్న యజమాని కాబోలు అనుకొని అందరూ దాటిపోతారు. పైగా ఎలక్ట్రిక్ సైకిలు మామూలు సైకిలు కంటే ఎన్నో రెట్లు ఖరీదైనది, దాని బ్యాటరీని విడిగా అమ్మినా కొన్ని వందల పౌండ్లు వస్తాయి.

తాళం ఎంచుకోవడానికి ముందు, దాన్ని కోయడానికి వచ్చేవాడు ఏ పనిముట్టు తెస్తాడో ఆలోచించాలి. వైరు తాళం ఎంత లావుగా కనిపించినా లోపల సన్నని ఉక్కు తీగల పేట మాత్రమే ఉంటుంది, మిగిలినదంతా ప్లాస్టిక్కు. చేతిలో ఇమిడే కట్టరుతో అది క్షణాలలో తెగుతుంది. సన్నని గొలుసులూ, చవక డి-లాకులూ (ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో ఉండే కడ్డీ తాళాలు) పొడుగు పిడుల బోల్ట్ కట్టరు ముందు నిలవవు. గట్టిపరచిన ఉక్కుతో చేసిన లావుపాటి గొలుసు లేదా డి-లాకు ఆ కట్టరు నోటికి లొంగదు. ముఖ్యంగా 16 మిల్లీమీటర్ల మందం దాటితే మనిషి బలంతో తెంచడం సాధ్యం కాని పని. అయితే గుండ్రటి చక్రాన్ని తిప్పుతూ లోహాన్ని కోసే, బ్యాటరీతో నడిచే యాంగిల్ గ్రైండర్ వచ్చాక ఈ లెక్క మారిపోయింది. వీపు సంచిలో పట్టే ఆ యంత్రం మామూలు ఉక్కు తాళాన్ని, అది ఎంత మంచిదైనా, ఒకటి రెండు నిమిషాలలో కోసేస్తుంది. నా సైకిలు పన్నెండు గంటలు ఒకే చోట ఉంటుంది కాబట్టి గ్రైండరును దృష్టిలో పెట్టుకొనే కొనాలని నిశ్చయించుకున్నాను. పాల ప్యాకెట్టు కోసం అయిదు నిమిషాలు ఆగే వారికి ఇంత అవసరం ఉండదు.

ఈ దేశంలో తాళాలకు సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ పరీక్షలు చేసి కింది నుంచి పైకి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని నాలుగు స్థాయిలు ఇస్తుంది. పెట్టె మీద కంపెనీవారు తమంతట తాము వేసుకున్న పదికి తొమ్మిది, పదిహేనుకు పన్నెండు వంటి అంకెలను నమ్మనక్కరలేదు. అవి ఆ కంపెనీ తాళాలను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి తప్ప వేరే కంపెనీ తాళంతో పోల్చడానికి పనికిరావు. బీమా కంపెనీలు కూడా చాలావరకు సోల్డ్ సెక్యూర్ స్థాయినే అడుగుతాయి. ఎలక్ట్రిక్ సైకిలుకు గోల్డ్ కంటే తక్కువ స్థాయి తాళం కొనవద్దని నా గట్టి సలహా.

నేను చివరకు కొన్నది లైట్‌లాక్ ఎక్స్1. వేల్స్‌లో పుట్టిన కంపెనీ తయారుచేసిన ఈ డి-లాకు డైమండ్ స్థాయిది. దీని ఉక్కు కడ్డీకి బారోనియం అని వారు పిలిచే మిశ్రమ పదార్థపు పొర అంటుకొని ఉంటుంది. గ్రైండరు చక్రం ఆ పొరను తాకినప్పుడు పొర కంటే చక్రమే వేగంగా అరిగిపోతుంది, దొంగ చక్రాలు మారుస్తూ చాలాసేపు నిప్పురవ్వల మధ్య, చెవులు పగిలే మోతలో కూర్చోవలసి వస్తుంది. ఒకవైపు కోసినంత మాత్రాన కడ్డీని తిప్పి ఊడదీయడానికి వీలులేకుండా రెండు కొసలూ బిగిసి ఉండడం మరో మంచి లక్షణం. బరువు 1.7 కిలోలు, ఇరవై నాలుగు కిలోల సైకిలును మోటారే లాగుతుంది కాబట్టి ఆ బరువు నాకు తెలియడం లేదు. నేను కొన్నప్పుడు ధర 150 పౌండ్లకు కొంచెం అటూ ఇటూ ఉండేది. పైపొర రబ్బరులా ఉండడం వలన ఫ్రేము మీద గీతలు పడలేదు. వానలో, మంచులో ఏడాదిన్నర గడిచినా తాళంచెవి మొదటి రోజులాగే తిరుగుతోంది. నేను రెండు నెలలకొకసారి తాళం గొంతులో, అంటే చెవి దూరే చోట, పొడి కందెన కొడుతున్నాను. మామూలు నూనె మాత్రం పోయవద్దు. అది దుమ్మును పట్టి లోపల ముద్ద కడుతుంది.

దీనికి పోటీగా చూసిన తాళం హిప్‌లాక్ డి1000. గ్రైండరును ఎదిరించే డి-లాకులకు పేరు తెచ్చిపెట్టింది ఇదే. ఒక డాక్టరుగారి దగ్గర తీసుకొని చూశాను. చేతిలో పట్టుకుంటేనే దాని దృఢత్వం మీద నమ్మకం కలుగుతుంది. కడ్డీ చుట్టూ గ్రాఫీన్ (కర్బనంలో ఒక రూపం) కలిసిన ఫెరోసేఫ్ అనే మిశ్రమం ఉంటుంది. నేను చూసినప్పుడు ధర సుమారు 250 పౌండ్లు, బరువు 1.8 కిలోలు. నేను దీనిని కాదనుకోవడానికి కారణం ధర కాదు, కొలత. దీని లోపలి ఖాళీ 92 మిల్లీమీటర్ల వెడల్పు, 155 మిల్లీమీటర్ల పొడవు. నా సైకిలులో బ్యాటరీ ఫ్రేము కింది గొట్టంలోనే ఇమిడి ఉంటుంది, అందువలన ఆ గొట్టం నా మోచేతికంటే లావు. ఆ గొట్టాన్నీ, స్టాండు కడ్డీనీ కలిపి ఈ తాళంలో పట్టించడం కుదరలేదు. ఎక్స్1 లోపలి ఖాళీ 101 మిల్లీమీటర్ల వెడల్పు, 196 మిల్లీమీటర్ల పొడవు. ఆ కొద్దిపాటి తేడాతోనే సీటు కింది గొట్టమూ, వెనక చక్రమూ, స్టాండు కడ్డీ మూడూ కలిసి పడుతున్నాయి. సన్నని ఫ్రేము ఉన్నవారికి, రోజూ ఒకే స్టాండులో పెట్టేవారికి డి1000 చక్కగా సరిపోతుంది. ఏది కొన్నా ముందు టేపుతో కొలిచి, ఆ కొలతకు అట్టముక్క కత్తిరించి, సైకిలుకూ స్టాండుకూ పెట్టి చూసుకోండి. నేను చదివిన సమీక్షలలో తాళం ఎన్ని నిమిషాలు నిలిచిందో ఉంటుంది గానీ ఈ సంగతి ఉండదు. ఫ్రేముకు పట్టని తాళాన్ని జనం చక్రానికి మాత్రమే వేసి వెళ్లిపోతారు, దొంగ ఆ చక్రాన్ని విప్పి అక్కడే వదిలేసి మిగతా సైకిలును ఎత్తుకుపోతాడు.

ఇంటి దగ్గర నాకు గ్యారేజీ లేదు, పెరటిలో రేకుల షెడ్డు ఉంది. అక్కడ నేలలో కాంక్రీటు పోయించి ఒక ఉక్కు కొంకి దింపించి, క్రిప్టోనైట్ కంపెనీవారి 14 మిల్లీమీటర్ల లింకుల గొలుసును దానికే శాశ్వతంగా వేసి ఉంచాను. మీటరు పొడవున్న ఆ గొలుసు దాదాపు 5 కిలోలు తూగుతుంది, దాన్ని భుజాన వేసుకొని తిరగడం నాకు చేతకాదు. ఒకచోటే ఉండే తాళానికి బరువు దోషం కాదు కాబట్టి ఇంటికి గొలుసు, దారికి డి-లాకు అన్నది నాకు కుదిరిన ఏర్పాటు.

మడత తాళాలు సంచిలో పెట్టుకోవడానికి అందంగా ఉంటాయి, కానీ కీళ్లే వాటి బలహీనత. కాఫీ కోసం ఆగినప్పుడు తప్ప వాటిని నేను సిఫారసు చేయను. ఫోనుతో వేసే ఎలక్ట్రానిక్ తాళాలు ఉంటే ఇనుప తాళం అక్కరలేదని కూడా ఒక అపోహ ఉంది. బాష్ కంపెనీ మోటారు ఉన్న కొత్త సైకిళ్లలో ఫోను దగ్గర లేకపోతే మోటారు సాయం ఆగిపోయే ఏర్పాటు ఉంది, అది మంచిదే. కానీ చక్రం తిరుగుతూనే ఉంటుంది, సైకిలును నెట్టుకుపోవచ్చు, వ్యానులోకి ఎత్తుకోవచ్చు. దాన్ని ఇనుప తాళానికి తోడుగా మాత్రమే చూడాలి.

బ్యాటరీకి ఉన్న చిన్న తాళాన్ని నేను నమ్మను. డ్యూటీకి వెళ్లేటప్పుడు బ్యాటరీని తీసి లాకరులో పెట్టుకుంటాను. చలికాలంలో అది వెచ్చగా ఉండడం దాని ఆయుష్షుకూ మేలు. తాళంచెవులు ఎక్కువైతే చిరాకు పడేవారు అబుస్ కంపెనీ తాళాలను చూడవచ్చు, ఎందుకంటే బాష్ బ్యాటరీల తాళంలో ఆ కంపెనీ గొంతు ఉన్నప్పుడు, అదే చెవితో తెరుచుకునే డి-లాకును కోడు సంఖ్య చెప్పి తెప్పించుకోవచ్చు. ఆ కోడు ఉన్న కార్డును సైకిలు సంచిలో ఉంచకూడదు. గొట్టంలా గుండ్రంగా ఉండే తాళంచెవుల పాత తాళాలు ఎవరి దగ్గరైనా ఉంటే పక్కన పెట్టేయండి. 2004లో అమెరికాలో అలాంటి తాళాలను ప్లాస్టిక్ పెన్ను గొట్టంతో తెరవవచ్చని బయటపడి, కంపెనీ వాటిని ఉచితంగా మార్చి ఇవ్వవలసి వచ్చింది.

తాళం వేసే తీరు కూడా తాళమంత ముఖ్యం. ముందు స్టాండునే గట్టిగా ఊపి చూస్తాను. దొంగలు ముందుగానే కడ్డీని కోసి, కోత మీద టేపు చుట్టి వెళ్లే పద్ధతి ఒకటి ఉంది. తాళాన్ని నేలకు ఆననీయను, ఎందుకంటే నేల మీద పెట్టి సుత్తితో కొట్టడం సులువు. లోపల ఖాళీ ఎంత తక్కువ మిగిలితే జాకీ దూర్చి విడదీయడం అంత కష్టం. గొంతు కిందికి ఉండేలా తిప్పితే వాననీళ్లు నిలవవు.

ఇవన్నీ చేసినా బీమా తీసుకున్నాను. తాళం రసీదు, తాళంతో వచ్చిన అదనపు చెవి, ఫ్రేము నంబరు ఫొటో ఒకచోట పెట్టాను. ఫ్రేము నంబరును పోలీసులు చూసే బైక్‌రిజిస్టర్‌లో నమోదు చేశాను. మొదటి సైకిలు పోయినప్పుడు నా దగ్గర ఆ నంబరు కూడా లేకపోవడం వలన ఫిర్యాదులో రంగు తప్ప ఏమీ రాయలేకపోయాను.

గత నెలలో మా వార్డులో కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయి, "అక్కా, మీ తాళమే నేనూ తెప్పించుకోనా?" అని అడిగింది. వెంటనే అవునని చెప్పకుండా ఇద్దరం స్టాండు దగ్గరకు వెళ్లి నా ఎక్స్1ను ఆమె సైకిలుకు పెట్టి చూశాము. ఆమెది వెనక పిల్లల సీటు, ముందు పెద్ద బుట్ట ఉన్న బండి. స్టాండుకు దగ్గరగా జరిపితే బుట్ట అడ్డం వస్తోంది, దూరంగా పెడితే తాళం అందడం లేదు. మూడు స్టాండులు మార్చి చూసినా కుదరలేదు. ఆమె గోల్డ్ స్థాయి గొలుసు ఒకటి కొని, ఆ బుట్టలోనే వేసుకొని వస్తోంది.