డ్రాయింగ్ క్లాసులో ఫ్రీక్యాడ్: నల్గొండ ల్యాబ్‌లో ఒక ఏడాది వాడి చూశాక

నల్గొండలో డిప్లొమా మెకానికల్ విద్యార్థులకు డ్రాయింగ్ చెప్పే నేను, ఈ ఏడాది కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌తో పాటు, అలాంటిదే అయిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్ కూడా నేర్పించి చూశాను. ఆటోక్యాడ్ 1982 నుంచి ఉన్నది. ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా దాని పేరే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేయడం కుదరదు. విద్యార్థులకు అది ఉచితమే గానీ, అర్హత నిరూపించుకుని ఏటా పునరుద్ధరించుకోవాలి, చదువు అయిపోయాక ఆ వెసులుబాటు ఉండదు. పైగా దేవరకొండ వైపు నుంచి వచ్చే మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఉన్నవి అన్నలు వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌లు.

ఫ్రీక్యాడ్‌కు లైసెన్సు గొడవ లేదు, నెట్ అవసరం లేదు, పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లవచ్చు. అయితే నన్ను ఒప్పించింది ఉచితం కావడం కాదు, అందులో గీతలు గీసి కొలతలు ఇచ్చే స్కెచర్ అనే విభాగం. మిర్యాలగూడ విద్యార్థి ఒకడు, వాళ్ల నాన్న పనిచేసే రైస్ మిల్లు నుంచి అరిగిపోయిన బేరింగ్ హౌసింగ్ తెచ్చి, వెర్నియర్‌తో కొలిచి స్కెచ్ గీశాడు. కొలతలు ఇస్తూ పోతే, తెల్లగా ఉన్న గీతలు వాటి కొలతలు పూర్తయ్యాక ఆకుపచ్చగా మారాయి, ఒక్క బోల్టు రంధ్రం మాత్రం తెల్లగానే మిగిలింది. దానికి వ్యాసం ఇచ్చాడు గానీ, మధ్య గీత నుంచి ఎంత దూరమో ఇవ్వలేదు. కాగితం మీద గీసినప్పుడు ఇలాంటి లోపం లేత్ వర్క్‌షాపు మేస్త్రీ అడిగేదాకా బయటపడదు. ఇన్నేళ్లుగా నేను బోర్డు దగ్గర మొత్తుకుంటున్నదీ ఇదే. మన దేశంలో పాటించే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో (పై నుంచి చూసిన బొమ్మను ముందు నుంచి చూసిన బొమ్మకు కింద పెట్టే పద్ధతి) వ్యూలు తీసుకునే వీలు కూడా, డ్రాయింగ్ షీట్లు తయారుచేసే టెక్‌డ్రా విభాగంలో ఉంది.

లోపాలు లేకపోలేదు. ఆటోక్యాడ్ వాడే డీడబ్ల్యూజీ ఫైలు ఫ్రీక్యాడ్‌లో తెరవాలంటే వేరే కన్వర్టర్ పెట్టుకోవాలి. పార్ట్, పార్ట్ డిజైన్ అనే రెండు వర్క్‌బెంచ్‌ల (ఒక్కో రకం పనికి కావలసిన బటన్ల సముదాయాల) తేడా చెప్పడానికే నాకు రెండు పీరియడ్లు పట్టింది, అప్పటికీ సగం క్లాసుకు ఎక్కలేదు. మొదట్లో గీసిన స్కెచ్ మారిస్తే తర్వాత కట్టిన భాగాలు చెదిరిపోయే పాత జబ్బు 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌తో చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

కేవలం 2డీ చాలనుకుంటే లిబ్రేక్యాడ్ తేలిక. బ్రౌజర్‌లో నడిచే ఆన్‌షేప్ బాగానే ఉంటుంది, కానీ నెట్ పోయిన రోజు ల్యాబ్ మొత్తం చేతులు కట్టుకుని కూర్చోవాలి. వచ్చే ఏడాది మొదట ఫ్రీక్యాడ్ స్కెచ్‌లు చేయించి, కొలతలు ఇవ్వడం చేతికి వచ్చాకే ఆటోక్యాడ్ కమాండ్లు మొదలుపెడతాను. ల్యాబ్‌లో ఎక్కించేవారు 1.0 లేదా ఆపై వెర్షనే ఎక్కించండి. పాత వీడియోలు చూసి పాఠం చెబితే కొన్ని బటన్లు చెప్పిన చోట కనిపించవు.