సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) వాళ్ళు వేరబుల్ (ఒంటి మీద పెట్టుకునే) ప్రాజెక్ట్‌కి సర్క్యూట్ ప్లేగ్రౌండ్ ఎక్స్‌ప్రెస్ కొనొచ్చా?

కొనొచ్చు, కానీ అందరూ కాదు. పైథాన్, జావా బాగానే వచ్చు గానీ సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ పట్టుకోని సీఎస్ఈ పిల్లలకి అడాఫ్రూట్ కంపెనీ చేసిన ఈ చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు బాగా పనికొస్తుంది. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వాళ్ళయితే దీనిమీద డబ్బులు పెట్టక్కర్లేదు.

మా టీమ్ మైనర్ ప్రాజెక్ట్‌కి చేతికి కట్టుకునే స్టెప్ కౌంటర్ అనుకున్నాం. సీనియర్లు ఎవర్ని అడిగినా ఈఎస్‌పీ32 బోర్డు, కదలికని కొలిచే ఎంపీయూ6050 సెన్సర్ కొనుక్కోండి అంటారు, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే చవగ్గా వస్తాయి కూడా. కానీ ఆ సెన్సర్‌కి పిన్నులు చాలాసార్లు మనమే సోల్డర్ చేసుకోవాలి, జంపర్ వైర్లతో చేతికి కట్టుకుని నాలుగడుగులు వేస్తే ఏదో ఒకటి ఊడుతుంది, రీడింగ్ రాకపోతే తప్పు కోడ్‌లో ఉందా వైర్‌లో ఉందా కొత్తవాళ్ళకి అస్సలు అర్థం కాదు. హార్డ్‌వేర్ మన వల్ల కాదులే అని చాలామంది వదిలేసేది సరిగ్గా అక్కడే, నాకు అది చూస్తే బాధగా ఉంటుంది.

సర్క్యూట్ ప్లేగ్రౌండ్ ఎక్స్‌ప్రెస్‌లో ఆ గొడవ లేదు. రెండంగుళాల గుండ్రటి బోర్డు, దానిమీదే 10 నియోపిక్సెల్ లైట్లు (రంగులు మార్చే ఎల్‌ఈడీలు), యాక్సిలరోమీటర్ (కదలికని కొలిచే సెన్సర్), టెంపరేచర్ సెన్సర్, లైట్ సెన్సర్, మైక్, చిన్న స్పీకర్, రెండు బటన్లు అన్నీ ఉన్నాయి. అంచు చుట్టూ 14 ప్యాడ్లు, క్లిప్ పెట్టుకోవచ్చు, కండక్టివ్ దారంతో (కరెంటు పారే దారం) గుడ్డకి కుట్టేయొచ్చు. సర్క్యూట్‌పైథాన్ (ఇలాంటి బోర్డుల కోసం ఉన్న పైథాన్) ఎక్కిస్తే ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైల్ సేవ్ చేయగానే కోడ్ రన్ అవుతుంది.

నాకు బాగా నచ్చింది యాక్సిలరోమీటర్‌తో పని. బోర్డుని బల్ల మీద కదలకుండా పెట్టినా గురుత్వాకర్షణ వల్ల మొత్తం విలువ 9.8 దగ్గర ఉంటుంది, అది కూడా స్థిరంగా ఉండదు, కొంచెం కొంచెం ఊగుతూనే ఉంటుంది. ల్యాబ్‌లో ఇచ్చిన ఇన్‌పుట్‌కి ఇఫ్ కండిషన్ రాసే అలవాటు ఉన్నవాళ్ళకి ఇది కొత్త. మణికట్టుకి సరిపోయిన త్రెషోల్డ్ (ఏ విలువ దాటితే అడుగుగా లెక్కేయాలో ఆ హద్దు) చీలమండకి కడితే పనిచేయదు, ఒక్క అడుగుకి రెండు లెక్కేస్తుంది. మూడు యాక్సిస్‌ల విలువల్ని స్క్వేర్ చేసి కలిపి రూట్ తీయాలి, చివరి కొన్ని రీడింగుల సగటు తీయాలి, ఒక అడుగు పడ్డాక కాసేపటి వరకు ఇంకోటి లెక్కపెట్టకూడదు. థోనీలో (పైథాన్ కోడ్ రాసే ఎడిటర్) రీడింగుల గ్రాఫ్ గీసే ప్లాటర్ ఆన్ చేసి నడుస్తూ చూడండి, సిగ్నల్ ప్రాసెసింగ్ ఎందుకు చదవాలో అప్పుడు తెలుస్తుంది.

దారం గురించి కూడా చెప్పాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ దారానికి పైన తొడుగు ఉండదు, కాబట్టి పవర్ లైన్, గ్రౌండ్ లైన్ గుడ్డ మడతలో తగిలితే షార్టే. రెండింటి మధ్య దూరం ఉంచి కుట్టండి, ముడుల మీద రంగులేని నెయిల్ పాలిష్ పూయండి. దారానికి రెసిస్టెన్స్ ఎక్కువ, పొడవు పెరిగేకొద్దీ చివరి లైట్లకి వోల్టేజ్ సరిపోదు. ఇంట్లో అమ్మకి గానీ పిన్నికి గానీ కుట్టుపని వస్తే పక్కన కూర్చుని నేర్చుకోండి, ఈ పనిలో మనకంటే వాళ్ళే మేలు.

లోపాలు ఉన్నాయి. ర్యామ్ 32 కేబీనే, సర్క్యూట్‌పైథాన్‌లో నాలుగు లైబ్రరీలు ఇంపోర్ట్ చేస్తే మెమరీ ఎర్రర్ వచ్చేస్తుంది. వైఫై లేదు, బ్లూటూత్ లేదు, ఫోన్‌కి డేటా పంపాలంటే ఇదే కుటుంబంలోని బ్లూఫ్రూట్ బోర్డు చూసుకోవాలి. బ్యాటరీ సాకెట్ ఉంది గానీ ఛార్జింగ్ సర్క్యూట్ లేదు, ఒంటి మీద పెట్టుకునేది కాబట్టి మొదట్లో లిథియం బ్యాటరీ జోలికి పోకుండా మూడు ట్రిపుల్‌ఏ సెల్స్ హోల్డర్ పెట్టుకోండి. కోడ్‌లో లైట్ల బ్రైట్‌నెస్ 0.1 (ఫుల్ అంటే 1) చాలు, ఫుల్‌గా పెడితే సెల్స్ తొందరగా అయిపోతాయి. మన దగ్గర ధర ఎక్కువే, అందుకే టీమ్ మొత్తానికి ఒకటి తీసుకుని కాన్సెప్ట్ అర్థమయ్యాక ఫైనల్ డెమో ఈఎస్‌పీ32 మీద కట్టుకోండి.

ఇంకో మాట, కేబుల్ మైక్రో యూఎస్‌బీ, డేటా వెళ్ళేది తీసుకోండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెడితే లైటు వెలుగుతుంది గానీ డ్రైవ్ కనిపించదు.