సైకాలజీ డిగ్రీ తర్వాత పీహెచ్‌డీయా, సైడీయా, మాస్టర్సా?

అమెరికాలో సైకాలజీ మేజర్ చదువుతున్న విద్యార్థికి మూడో ఏడాది వచ్చేసరికి రెండు వైపుల నుంచి సలహాలు మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు "రెండేళ్లలో మాస్టర్స్ ముగించి ఉద్యోగం చూసుకో" అంటారు. డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్లు "నీ మార్కులకి పీహెచ్‌డీకి పెట్టు" అంటారు. ఇద్దరూ మంచి కోరి చెప్పేవాళ్లే. కాకపోతే ప్రొఫెసర్లు దాదాపు అందరూ పీహెచ్‌డీ చేసి వచ్చినవాళ్లే, వాళ్లకు క్షుణ్ణంగా తెలిసిన దారి అదొక్కటే. కౌన్సెలింగ్ లైసెన్స్ గురించో, స్కూల్ సైకాలజీ గురించో అడిగితే జవాబు చాలాసార్లు రెండు ముక్కల్లో అయిపోతుంది. అడ్వైజింగ్ ఆఫీసులో కూర్చునేవారు ఇంకా ఎన్ని క్రెడిట్లు మిగిలాయో లెక్కచూసి చెప్పగలరు గానీ, ఏ ల్యాబ్‌లో ఎలాంటి విద్యార్థిని తీసుకుంటారన్నది వాళ్ల పని కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనుషుల ఎదురుగా కూర్చుని థెరపీ చేయడమే మీ కోరికైతే మాస్టర్స్ చాలు. పరిశోధన మీద నిజంగా ఆకలి ఉన్నవాళ్లకే పీహెచ్‌డీ. సైడీ, అంటే పరిశోధన కన్నా చికిత్స శిక్షణకు పెద్దపీట వేసే డాక్టర్ ఆఫ్ సైకాలజీ, మంచి డిగ్రీయే, అయితే అది ఏ స్కూల్లో అన్నదాన్ని బట్టి దాని విలువ తారుమారైపోతుంది.

ఒకే పనికి రెండు డాక్టరేట్లు ఎందుకున్నాయో తెలిస్తే తేడా సులువుగా పట్టుబడుతుంది. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సమావేశంలో, క్లినికల్ సైకాలజిస్టు ముందు శాస్త్రవేత్తగా, ఆపైన వైద్యం చేసేవాడిగా తయారవ్వాలని తీర్మానించుకున్నారు. క్లినికల్ పీహెచ్‌డీ ఆ అచ్చులోనే వచ్చింది. చాలామంది విద్యార్థులు థీసిస్ రాసి డిగ్రీ పట్టుకున్నాక పరిశోధన వైపు మళ్లీ చూడట్లేదు కదా, మరి వాళ్లకు ఇంత పరిశోధన శిక్షణ దేనికన్న వాదన తర్వాత బలపడింది. ఇలినాయ్ యూనివర్సిటీ 1968లో మొదటి సైడీ ప్రోగ్రామ్ పెట్టింది. 1973లో అదే కొలరాడోలోని వేల్‌లో జరిగిన సమావేశం ఆ పద్ధతికి ఆమోదముద్ర వేసింది. లైసెన్స్ దగ్గరికొస్తే రెండు డిగ్రీలూ సమానమే. రెండింటికీ ఏడాది పాటు ఇంటర్న్‌షిప్, పర్యవేక్షణలో పనిచేసిన గంటలు, ఈపీపీపీ అనే 225 ప్రశ్నల లైసెన్స్ పరీక్ష తప్పవు. అసలు తేడా డబ్బులోనూ సీట్లలోనూ ఉంది.

పేరున్న యూనివర్సిటీల్లో క్లినికల్ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. అందుకే పోటీ అంత ఘోరంగా ఉంటుంది. ఒక్కో ప్రోగ్రామ్‌కు వందల్లో దరఖాస్తులు వస్తే, చేర్చుకునేది పదిమంది లోపే. మెడిసిన్ సీటు కన్నా కష్టమని అనడం వినే ఉంటారు, ఆ మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు. ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఎక్కువ చోట్ల సీటు ఇచ్చేది ఒక ప్రొఫెసరే. ఆ ఏడాది ఆయన కొత్త విద్యార్థిని తీసుకోవట్లేదంటే మీ మార్కులు ఎంత ఉన్నా దరఖాస్తు రుసుము దండగ. కాబట్టి యూనివర్సిటీ ర్యాంకు చూసి జాబితా తయారుచేసుకోవడం ఇక్కడ పనికిరాదు. మీరు తవ్వాలనుకునే ప్రశ్న మీద ఎవరు పనిచేస్తున్నారో, వాళ్లు గత రెండు మూడేళ్లలో ఏం రాశారో చదివి జాబితా వేయాలి. చేరాక ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది.

ఒక హెచ్చరిక. పీహెచ్‌డీ అన్నంత మాత్రాన లైసెన్స్ దారి పట్టినట్టు కాదు. సోషల్, కాగ్నిటివ్, డెవలప్‌మెంటల్ సైకాలజీల్లో పీహెచ్‌డీ చేస్తే ప్రొఫెసర్ అవ్వొచ్చు, టెక్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్ చేయొచ్చు, రోగుల్ని మాత్రం చూడలేరు. లైసెన్స్ వైపు తీసుకెళ్లేవి క్లినికల్, కౌన్సెలింగ్, స్కూల్ సైకాలజీ. పిల్లవాడు "సైకాలజీలో పీహెచ్‌డీ" అనగానే ఇంట్లో "మా డాక్టరుగారు" అని మురిసిపోయే ముందు ఏ శాఖో ఒకసారి అడగండి.

ఇక సైడీ. వ్యవధి కాస్త తక్కువ, నాలుగు నుంచి ఆరేళ్లు. సీట్లు ఎక్కువ, కొన్ని చోట్ల ఒక్కో బ్యాచ్‌లో యాభై మందికి పైనే. ఫీజు మాత్రం చాలావరకు మీరే కట్టుకోవాలి. ఏడాదికి 40,000 డాలర్లు దాటే స్కూళ్లు చాలానే ఉన్నాయి. ఇంటి అద్దె, తిండి కలుపుకుంటే డిగ్రీ చేతికొచ్చేసరికి అప్పు 2 లక్షల డాలర్లు దాటడం వింతేమీ కాదు. బేలర్ యూనివర్సిటీలాంటి చోట ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ ఇచ్చే చిన్న సైడీ ప్రోగ్రామ్‌లూ ఉన్నాయి, కానీ అక్కడ పోటీ పీహెచ్‌డీకి ఏమాత్రం తీసిపోదు. రెండో కొసన లాభాపేక్ష స్కూళ్లున్నాయి. అనేక నగరాల్లో సైడీ నడిపిన ఆర్గోసీ యూనివర్సిటీ 2019 మార్చిలో ఉన్నట్టుండి మూతపడింది. విద్యార్థులకు చేరాల్సిన ఫెడరల్ సహాయం డబ్బు చేరలేదని విద్యాశాఖ నిధులు ఆపేసిన కొద్దిరోజులకే ఇది జరిగింది. డాక్టరేటు మధ్యలో ఉన్నవాళ్లు వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

మంచి సైడీని, కాని సైడీని వేరుచేయడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి డాక్టరేట్ ప్రోగ్రామూ ఫలితాలను తన వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. చదువు ముగించడానికి ఎన్నేళ్లు పట్టింది, ఖర్చెంత, ఎంతమంది మధ్యలో మానేశారు, గుర్తింపున్న ఇంటర్న్‌షిప్ ఎంతమందికి దొరికింది, లైసెన్స్ ఎంతమంది తెచ్చుకున్నారు, అన్నీ పట్టికల్లో ఉంటాయి. రంగురంగుల బ్రోచర్ పక్కన పెట్టి ముందు ఆ పట్టిక తెరవండి. ఇంటర్న్‌షిప్ శాతం తక్కువగా ఉండి, మానేసినవాళ్ల శాతం ఎక్కువగా ఉంటే ఆ స్కూల్ని జాబితాలోంచి కొట్టేయండి. గుర్తింపే లేకపోతే ఆ పట్టిక దాకా కూడా వెళ్లొద్దు.

అప్పు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకు గ్రాడ్ ప్లస్ రుణాలు, అంటే చదువు ఖర్చంతా తీసుకోగలిగిన ఫెడరల్ రుణాలు, ఉండవు. మామూలు గ్రాడ్యుయేట్ డిగ్రీలకు ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష డాలర్లు దాటకూడదు. ప్రొఫెషనల్ డిగ్రీల కోవలోకి వస్తే ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షలు. మీ డిగ్రీని ఏ కోవలో వేశారో స్కూల్ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట చాలదు. ఖరీదైన సైడీల లెక్క ఈ చట్టంతో ఇంకాస్త బిగుసుకుంది.

మాస్టర్స్‌ని మన ఇళ్లలో ఇంకా "పీహెచ్‌డీ రానివాళ్లు చేసేది" అన్నట్టే చూస్తారు. ఆ చూపు తప్పు. అమెరికాలో థెరపీ చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది మాస్టర్స్ చేసినవాళ్లే. క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ అయితే కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న చోట 60 సెమిస్టర్ క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో తొలి అభ్యాసం), 600 గంటల ఇంటర్న్‌షిప్. సోషల్ వర్క్‌లో ఎంఎస్‌డబ్ల్యూ చేస్తే కనీసం 900 గంటలు ఫీల్డ్‌లో పని. దంపతులు, కుటుంబాలతో పనిచేయాలంటే మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీ. ఏది చేసినా రెండు మూడేళ్లలో అయిపోతుంది. ఆపైన చాలా రాష్ట్రాల్లో 3,000 గంటలకు అటూఇటూగా పర్యవేక్షణలో పనిచేసి పరీక్ష రాస్తే సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. ఈ మూడింట్లో నేను ఎంఎస్‌డబ్ల్యూ వైపే మొగ్గుతాను. అది ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టులు, ప్రభుత్వ శాఖలు అన్నిచోట్లా చెల్లుతుంది. ఏ కారణంగానో థెరపీ మీద మనసు విరిగినా వేరే పని దొరుకుతుంది.

మాస్టర్స్‌తో కానివి కూడా ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. సైకాలజిస్ట్ అన్న హోదాను చట్టం చాలా రాష్ట్రాల్లో డాక్టరేటు ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. న్యూరోసైకలాజికల్ పరీక్షలు, సమగ్రమైన అసెస్‌మెంట్ రిపోర్టులు, యూనివర్సిటీలో టెన్యూర్ (శాశ్వత) ఉద్యోగం కావాలంటే డాక్టరేటు తప్పదు. జీతంలోనూ తేడా ఉంది. 2023 మే నాటి కార్మికశాఖ లెక్కల్లో సైకాలజిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 92,740 డాలర్లు, మెంటల్ హెల్త్, వ్యసన కౌన్సెలర్లది 53,710. చిన్న తేడా కాదది. కాకపోతే కౌన్సెలర్ సంపాదన మొదలుపెట్టిన మూడు నాలుగేళ్ల తర్వాత గానీ డాక్టరేట్ విద్యార్థి సంపాదన మొదలుకాదు. పీహెచ్‌డీ అయితే ఆ మధ్యకాలం స్టైపెండ్ మీద గడుస్తుంది, సైడీ అయితే అప్పు మీద. అందుకే జీతం కోసమే సైడీకి వెళ్తానంటే నేను ఒప్పుకోను.

ఎవరూ పట్టించుకోని ఇంకో దారి స్కూల్ సైకాలజీలో స్పెషలిస్ట్ డిగ్రీ. మూడేళ్లు, అందులో చివరి ఏడాది 1,200 గంటల ఇంటర్న్‌షిప్, చాలాచోట్ల జీతంతో. పిల్లలకు అసెస్‌మెంట్లు చేసే అవకాశం డాక్టరేటు లేకుండానే దొరుకుతుంది. ఆ వృత్తి సంఘం 500 మంది విద్యార్థులకు ఒక స్కూల్ సైకాలజిస్ట్ ఉండాలంటుంటే, దేశంలో ఒక్కొక్కరి మీద వెయ్యికి పైనే పడుతున్నారు. ఉద్యోగాలకు కొరత లేదు. వేసవి సెలవులు అదనం.

పీహెచ్‌డీ ఖాయం చేసుకున్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. డిగ్రీ అవగానే దరఖాస్తు పెట్టాలా, మధ్యలో ఎక్స్‌పెరిమెంటల్ సైకాలజీ మాస్టర్స్ చేయాలా, రెండేళ్లు ల్యాబ్ కోఆర్డినేటర్‌గా పనిచేయాలా? మూడో ఏడాదే ల్యాబ్‌లో చేరి, ఆనర్స్ థీసిస్ చేసి, ఏదో ఒక సదస్సులో పోస్టర్ పెట్టినవాళ్లు నేరుగా ప్రయత్నించొచ్చు. మిగతావాళ్లకు నా ఓటు ల్యాబ్ ఉద్యోగానికే. మాస్టర్స్‌లో మీరు ఎదురు ఫీజు కట్టి పరిశోధన నేర్చుకుంటారు, ఇక్కడ జీతం తీసుకుంటూ నేర్చుకుంటారు. పైగా రోజూ మీ పని చూసిన ప్రొఫెసర్ రాసే సిఫార్సు లేఖకు, తరగతిలో 'ఎ' గ్రేడ్ తెచ్చుకున్నవాడికి దొరికే లేఖకు పోలికే లేదు. కాకపోతే ఈ పోస్టులు ఎక్కువగా గ్రాంటుల మీద నడుస్తాయి, గ్రాంటు పోతే పోస్టూ పోతుంది. జీపీఏ బాగా దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు. చదవగలమని కొత్త ట్రాన్‌స్క్రిప్ట్‌తో నిరూపించుకోవాలి కాబట్టి వాళ్లకు మాస్టర్సే మేలు.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు ఈ లెక్క మారిపోతుంది. చదువు తర్వాత ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, మామూలుగా 12 నెలలే. మరో 24 నెలలు కావాలంటే మీ మేజర్ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉండాలి. జనరల్ సైకాలజీ కోడ్ 42.0101 అందులో లేదు, ఎక్స్‌పెరిమెంటల్ సైకాలజీ కోడ్ 42.2704 ఉంది. చదివేది ఒకే పాఠాలైనా కాలేజీ ఏ కోడ్ వేసిందన్నదే రెండేళ్ల ల్యాబ్ ఉద్యోగం నిలబడుతుందో లేదో తేలుస్తుంది. వీసా కోసం కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం తీసి ఆ అంకె ఇప్పుడే చూసుకోండి. కొన్ని కాలేజీల్లో రెండు కోడ్‌లతో రెండు ట్రాక్‌లు ఉంటాయి, గ్రాడ్యుయేషన్‌కు ముందే మారాలి. క్లినికల్ డాక్టరేట్‌లో ఇంకో అడ్డంకి. సైకాలజిస్టులకు అతిపెద్ద శిక్షణ వ్యవస్థ అయిన వెటరన్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రుల్లో ఇంటర్న్‌షిప్‌కి అమెరికా పౌరసత్వం ఉండాలి. అక్కడి సీట్లన్నీ చేజారతాయన్నమాట. వేరే చోట్ల దొరకవని కాదు, జాబితా వేసుకునేటప్పుడే ఆ లోటు లెక్కలో వేసుకోవాలి.

ఏ దారికైనా ఒక వ్యాసం రాయాలి, అక్కడే చాలామంది బోల్తా పడతారు. 2006లో డ్రూ ఆపిల్‌బీ, కేరెన్ ఆపిల్‌బీ అడ్మిషన్ కమిటీల అధ్యక్షులను అడిగి, దరఖాస్తును చంపేసే తప్పులేంటో ఒక పత్రంలో రాశారు. సొంత మానసిక అనారోగ్యం గురించి వివరంగా రాసుకోవడం అందులో ఒకటి. "లోకానికి సేవ చేయడానికే పుట్టాను" అనే ధోరణి మరొకటి. మనవాళ్లు ఈ రెండోదానిలో సిద్ధహస్తులు. మొదటిది అన్యాయమని నాకూ అనిపిస్తుంది, ఈ వృత్తిలోనే ఆ చిన్నచూపు ఉండటం ఇంకా చేదు. అయినా కమిటీ ఎలా చదువుతుందో తెలిసి రాయడం మేలు. ఏ ప్రశ్న మీద పనిచేశారు, ఏం చేశారు, ఫలితం అనుకున్నట్టు రానప్పుడు ఏం ఆలోచించారు, ఇవి రాయండి. ఎంఎస్‌డబ్ల్యూ, కౌన్సెలింగ్ కమిటీలు సొంత అనుభవాన్ని ఇంత కఠినంగా చూడవు, అక్కడ హెల్ప్‌లైన్‌లోనో షెల్టర్‌లోనో చేసిన పనికి విలువెక్కువ. కాబట్టి ఒకే వ్యాసాన్ని రెండు రకాల ప్రోగ్రామ్‌లకీ పంపడం కుదరదు.

జీఆర్‌ఈని చాలా ప్రోగ్రామ్‌లు వదిలేశాయి, కొన్ని పంపినా చూడబోమంటున్నాయి. మీ జాబితాలో ఒక్కటైనా అడిగితే తప్ప డబ్బు పోయొద్దు. డాక్టరేట్ దరఖాస్తులకు గడువు ఎక్కువగా డిసెంబర్ మొదటి పక్షంలోనే పడుతుంది, కౌన్సెలింగ్ మాస్టర్స్‌కి చాలాచోట్ల వసంతం దాకా సమయముంటుంది. పీహెచ్‌డీ జవాబులు చూసుకుని అప్పుడు మాస్టర్స్‌కి పెట్టడానికి ఆ సందు పనికొస్తుంది. స్టైపెండ్‌తో సీటొస్తే ఏప్రిల్ 15 కన్నా ముందే జవాబివ్వమని ఒత్తిడి చేయకూడదని చాలా యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంది. ఫిబ్రవరిలో ఎవరైనా "వారంలో తేల్చు" అంటే ఆ తేదీ గుర్తుచేయండి.