పెద్దపేగు క్యాన్సర్ పరిశోధనకు ఉమ్మడి కోర్ ల్యాబ్: ఏళ్లుగా వాడుతున్నవాళ్ల మాట

ఈ కోర్ ల్యాబ్‌లో మేము ఎక్కువగా వాడేవి టిష్యూ బ్యాంకు, హిస్టాలజీ (టిష్యూను పలుచగా కోసి రంగు వేసి చూడటం), సీక్వెన్సింగ్ (డీఎన్ఏ, ఆర్ఎన్ఏ అక్షరాల వరుస చదవడం), ఆర్గనాయిడ్లు (గడ్డ కణాల నుంచి ల్యాబ్‌లో పెంచే బుల్లి గడ్డలు). ఫలితం సగానికి పైగా శాంపిల్ అందుకునే బల్ల దగ్గరే తేలిపోతుంది. ఆ బల్లకు మంచి మార్కులే వేస్తాం.

ఆపరేషన్‌లో తీసిన పేగును ముందు పాథాలజిస్టు చూసి, ఆ తర్వాతే పరిశోధనకు ముక్క ఇస్తారు. గడ్డ నడిమధ్యలో తరచూ చచ్చిన కణాలే ఉంటాయి కాబట్టి అంచు నుంచి కోస్తారు. అయితే గడ్డ పేగు గోడలోకి ఎంత లోతు దిగిందో తేల్చే భాగం రోగి రిపోర్టుకు కావాలి. ఎంత అడిగినా దాన్ని ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పేగు తీసిన సమయం, టిష్యూను పాడవకుండా నిలిపే ఫార్మాలిన్ ద్రవంలో వేసిన సమయం, బయటికి తీసిన సమయం మూడూ రాసిస్తారు. ఫార్మాలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది. ముక్క మందంగా ఉన్నా, ద్రవం ముక్కకు పది రెట్లు లేకపోయినా మధ్యభాగం పాడైపోతుంది.

హిస్టాలజీలో ఆర్డర్ రాసే పద్ధతి తెలియాలి. పారాఫిన్ మైనంలో పోత పోసిన టిష్యూ బ్లాకును, పలుచగా కోసే మైక్రోటోమ్ యంత్రానికి బిగించిన ప్రతిసారీ పైపొర చదును చేయడంలోనే కొంత టిష్యూ పోతుంది. అందుకే అన్నీ ఒకేసారి కోయించాలి: మొదట ఒక హెచ్ అండ్ ఈ (కణాల ఆకారం చూపే మామూలు రంగుల స్లైడ్), తర్వాత యాంటీబాడీలతో ప్రోటీన్లను గుర్తించే ఇమ్యూనోకు 4 మైక్రాన్ల స్లైడ్లు, డీఎన్ఏకు 10 మైక్రాన్ల కోతలు, చివర మళ్లీ ఒక హెచ్ అండ్ ఈ. ఆఖరి స్లైడ్‌లో గడ్డ ఇంకా కనిపిస్తేనే మధ్యలో కోసినవాటిని నమ్మొచ్చు. అలాగని కోసిన స్లైడ్లను నెలల తరబడి డబ్బాలో ఉంచితే యాంటీజెన్ (యాంటీబాడీ అతుక్కోవాల్సిన ప్రోటీన్) బలహీనపడుతుంది. స్టెయినింగ్ తేదీ ఖాయమయ్యాకే కోతకు పంపండి.

డీఎన్ఏలో తప్పులు సరిదిద్దే ప్రోటీన్లు ఎమ్ఎల్‌హెచ్1, పీఎమ్ఎస్2, ఎమ్ఎస్‌హెచ్2, ఎమ్ఎస్‌హెచ్6కు వేసే స్టెయిన్లు నమ్మకంగా వస్తాయి. గడ్డ కణాల్లో రంగు లేదంటే ముందు పక్కనున్న లింఫోసైట్లను (మామూలు తెల్లకణాలు, వాటిలో రంగు ఉండాలి) చూడాలి. వాటిలోనూ లేకపోతే తప్పు ఫిక్సేషన్‌దో (ఫార్మాలిన్‌లో నిలపడం) స్టెయినింగ్‌దో, ఆ స్లైడ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. ఆపరేషన్‌కు ముందు కీమో, రేడియేషన్ పడిన రెక్టమ్ గడ్డల్లో ఎమ్ఎస్‌హెచ్6 తగ్గి కనిపించవచ్చు. అలాంటప్పుడు చికిత్సకు ముందటి బయాప్సీ కూడా జత చేయడం మేలు.

సీక్వెన్సింగ్‌లో మెషీన్‌కు వంక పెట్టలేం. పాత పారాఫిన్ బ్లాకుల్లో డీఎన్ఏలోని సైటోసిన్ (సీ అక్షరం) దెబ్బతిని, గడ్డలో అసలు లేని సీ నుంచి టీ మార్పులు కనిపిస్తాయి. ఆ దెబ్బతిన్న అక్షరాలను తొలగించే యూడీజీ ఎంజైమ్ వాడమని ఫారంలో రాస్తేనే వాడతారు. ఈ బ్లాకుల ఆర్ఎన్ఏ నాణ్యతకు రిన్ నంబర్ బదులు డీవీ200 (200 అక్షరాలకు మించిన ముక్కల శాతం) అడగండి. మ్యూకస్ నిండిన గడ్డల్లో కణాలు పలుచగా ఉంటాయి, గడ్డ భాగాన్ని గుర్తు పెట్టించి గీకించకపోతే మ్యుటేషన్ దొరక్కపోవచ్చు.

ఆర్గనాయిడ్ సేవకు సగం మార్కులే. పేగులోంచి వచ్చిన ముక్క కాబట్టి బ్యాక్టీరియా, ఫంగస్ తోడుగానే వస్తాయి. యాంటీబయాటిక్ కలిపిన చల్లని బఫర్‌లో చాలాసార్లు కడగాలి. రద్దీ రోజుల్లో అక్కడే తొందరపడతారు. కణాలు పెరగడానికి ఆధారమైన జెల్, మ్యాట్రిజెల్ మాత్రం చక్కగా వాడతారు: రాత్రంతా 4 డిగ్రీల దగ్గర కరిగించి, టిప్పులు కూడా చల్లబరచి, చుక్కలు వేశాక ప్లేటును తిరగేసి 37 డిగ్రీల్లో గట్టిపడనిస్తారు. లేదంటే ఆర్గనాయిడ్లు ప్లాస్టిక్ మీదికి దిగి అంటుకుంటాయి.

అసలు ఇబ్బంది మీడియంతో (కణాలకు పోసే పోషక ద్రవం). మామూలు కణాలు ఎదగకుండా అన్ని శాంపిళ్లకూ డబ్ల్యూఎన్‌టీ (కణాలను ఎదగమనే సంకేత ప్రోటీన్) లేని మీడియమే పోస్తారు. ఏపీసీ జన్యువు దెబ్బతిన్న గడ్డలకు ఆ సంకేతం బయటి నుంచి అక్కర్లేదు కాబట్టి అది సరిపోతుంది. ఆర్ఎన్ఎఫ్43 జన్యువులో మ్యుటేషన్ ఉన్నవాటికి ఆ సంకేతం కావాలి, అవి చచ్చిపోతాయి. చివరికి చేతికొచ్చే బ్యాంకులో ఒక రకం గడ్డలే మిగులుతాయి. సగం చుక్కలకు డబ్ల్యూఎన్‌టీ ఉన్న మీడియం కావాలని ముందే రాతపూర్వకంగా అడగాలి. అందులో పెరిగినవి గడ్డ కణాలేనా అన్నది మ్యుటేషన్లు సరిపోల్చి చూసుకోవాలి.

సెల్ లైన్ల (ల్యాబ్‌లో ఏళ్లుగా పెంచే కణాలు) ఎస్టీఆర్ (డీఎన్ఏ వేలిముద్ర), మైకోప్లాస్మా (కణాలకు సోకే బ్యాక్టీరియా) పరీక్షలు సాఫీగా జరుగుతాయి. డీఎల్‌డీ-1, హెచ్‌సీటీ-15 సెల్ లైన్లు ఒకే రోగివి కాబట్టి ప్రొఫైల్ కలిస్తే కంగారు పడనక్కర్లేదు, రెండు వేర్వేరు నమూనాలుగా మాత్రం లెక్కేయకండి.

రక్తంలో ట్యూమర్ డీఎన్ఏ కోసమైతే ఈడీటీఏ ట్యూబును (రక్తం గడ్డకట్టనివ్వనిది) కొద్ది గంటల్లోనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పించాలి. సాయంత్రం పంపితే ఇక్కడ మర్నాటిదాకా ఎవరూ ముట్టుకోరు, తెల్లకణాలు పగిలి వాటి డీఎన్ఏ కలిసిపోతుంది. ఆలస్యం తప్పదనుకుంటే కణాలను నిలిపి ఉంచే స్ట్రెక్ ట్యూబులు వాడండి, వాటిని ఫ్రిజ్‌లో పెట్టొద్దు.