మనవరాలి బ్యాటన్: రెండు కొన్నాం, ఒకటి నిలిచింది

బాపట్ల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఆగస్టు 15 వస్తోందంటే నెల ముందు నుంచే పిల్లల చేత మార్చ్‌పాస్టు చేయించేవాణ్ణి. ఇప్పుడు ఇండియానాలో, పర్డ్యూ యూనివర్సిటీ ఉన్న ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలికి తొమ్మిదేళ్లు. వచ్చిన వారానికే తను బ్యాటన్ ట్వర్లింగ్‌లో చేరింది, సాధన చేయించే పని నాకు వచ్చింది. ఇప్పటికి రెండు బ్యాటన్లు కొన్నాం. మొదటిదానికి 5కి 1 ఇస్తాను, రెండోదానికి నాలుగున్నర. ఈ విద్యలో పిల్లల్ని చేర్చాలనుకునే తెలుగువాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

రిలే పరుగులో చేతులు మార్చుకునే గొట్టాన్నీ బ్యాటన్ అనే అంటాం కానీ ఇది వేరు. సన్నటి ఉక్కు కడ్డీ, దాని మీద క్రోమియం పూత, రెండు కొసలకీ తెల్ల రబ్బరు. పెద్ద కొసని బాల్ అంటారు, చిన్నదాన్ని టిప్ అంటారు. దాన్ని వేళ్ల మధ్య తిప్పాలి, మోచేతి మీదా మెడ మీదా దొర్లించాలి, పైకి విసిరి ఒక చుట్టు తిరిగొచ్చి పట్టుకోవాలి. అదంతా పాట తాళం తప్పకుండా.

మొదటిది మా అల్లుడు ఆన్‌లైన్‌లో 11 డాలర్లకి తెప్పించాడు. చుట్టూ మెరుపు కాగితం, చూడ్డానికి ముచ్చటగా ఉంది. చేతిలోకి తీసుకోగానే నాకు అనుమానం వచ్చింది. అరటి దూట పట్టుకున్నంత తేలిక. డైనింగ్ టేబుల్ మీద దొర్లించి చూశాను. సవ్యంగా ఉన్న కడ్డీ అయితే చప్పుడు లేకుండా సాఫీగా పోతుంది. ఇది టకటకా కొట్టుకుంటూ పక్కకి తిరిగిపోయింది. అంటే కొత్తదే వంకరగా వచ్చింది. నాలుగోరోజున కిందపడితే బాల్ ఊడి సోఫా కిందికి దొర్లింది. పాప దాన్ని రెండు చేతుల్లో పట్టుకొచ్చి "నాకు చేతకావట్లేదు తాతయ్యా" అంది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. తప్పు కడ్డీలో ఉంటే పిల్ల తనలో ఉందనుకుంది. అమ్మినవాళ్లకి రాస్తే డబ్బులు వాపసు ఇచ్చారు, కానీ ఆ నాలుగు రోజులూ ఎవరు వాపసు ఇస్తారు?

రెండోది పాపకి ట్వర్లింగ్ నేర్పే టీచరమ్మ చెప్పి తెప్పించింది, బ్యాటన్లే తయారుచేసే కంపెనీది. ముప్పై డాలర్లు దాటింది. కొనేముందు ఆవిడ పాప చేయి పక్కకి చాపించి, చంక దగ్గర్నుంచి నడివేలి కొసదాకా టేపుతో కొలిచారు. 21 అంగుళాలు వచ్చింది. అంతే పొడవు కడ్డీ ఆర్డరు పెట్టారు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. వయసును బట్టి, ఎత్తును బట్టి కొనకండి. పొడవెక్కువైతే తిప్పేటప్పుడు మోచేతికీ పక్కటెముకలకీ తగులుతుంది, తక్కువైతే తిరుగుడు మరీ వేగంగా వచ్చి పిల్ల చేతికి అందదు. ఎదుగుతుందిలే అని స్కూలు యూనిఫాం వదులుగా కుట్టించినట్టు ఇక్కడ చేయకూడదు.

కడ్డీని చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టి చూశాను. నడిమధ్యలో నిలవలేదు, బాల్ వైపు కొద్దిగా జరిపితే నిలిచింది. బాల్ బరువెక్కువ కదా, అందుకు. తిరగడమంతా ఆ బిందువు చుట్టూనే. పాప అక్కడే పట్టుకోవాలి, బొటనవేలు బాల్ వైపు ఉండాలి. అక్కడ సన్నగా ఒక చుట్టు టేపు వేసి ఇచ్చాను. వారంలో చేతికి అలవాటై, చూడకుండానే అక్కడ పట్టుకోవడం మొదలెట్టింది. మొదట నేర్పేది 8 అంకెని అడ్డంగా పడుకోబెట్టినట్టు కడ్డీని శరీరం ముందు అటూ ఇటూ తిప్పడం. అది చూసినప్పుడు చిన్నప్పుడు మా ఊళ్లో పీర్ల పండక్కి కర్రసాము చేసే పెద్దవాళ్ల మణికట్టు కళ్ల ముందు మెదిలింది. రెండు విద్యలకీ చుట్టరికం లేదు, కానీ మణికట్టు పని మాత్రం నాకు ఒకటిగానే కనబడింది. ఇక్కడ బాగా ఆరితేరినవాళ్లు రెండు కొసలకీ నిప్పంటించి కూడా తిప్పుతారట.

దీని పుట్టుక మాత్రం సైనిక బ్యాండులో ఉంది. బ్యాండు ముందు నడిచే డ్రమ్ మేజర్ చేతిలో బరువైన పొన్నుకర్ర ఉంటుందే, దానితో సైగలు చేసి బ్యాండుని నడిపిస్తాడు. మా స్కూలు బ్యాండులోనూ ఉండేది. అమెరికాలో ఆ కర్ర పొట్టిదై, తేలికై, తిప్పే వస్తువైంది. మొదట్లో తిప్పింది ఎక్కువగా మగవాళ్లే. 1930ల నుంచి ఆడపిల్లలు బ్యాండు ముందుకొచ్చారు, వాళ్లకి మేజరెట్ అన్న పేరు వచ్చింది. ఫుట్‌బాల్ మైదానాలు, స్కూలు బ్యాండులు దీన్ని ఊరూరికీ తీసుకెళ్లాయి. 1945లో డాన్ సార్టెల్ అనే ఆయన అక్కడ ట్వర్లింగ్‌కి జాతీయ సంఘం పెట్టారు. 1980లో సియాటిల్‌లో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. ఈ పోటీల్లో జపాన్ పిల్లలది గట్టి చేయి.

అక్టోబరులో ఒక శనివారం పాపని పర్డ్యూ వాళ్ల ఫుట్‌బాల్ మైదానం రాస్-ఏడ్ స్టేడియానికి తీసుకెళ్లాం. పర్డ్యూ బ్యాండు 1886 నాటిది. 1907లో మైదానంలో పీ అక్షరం ఆకారంలో నిలబడి, అలా అక్షరం కట్టిన తొలి బ్యాండుగా పేరు తెచ్చుకుంది. వాళ్ల ముందు బంగారు రంగు దుస్తుల్లో ఒక అమ్మాయి వస్తుంది, గోల్డెన్ గర్ల్ అంటారు. 1954లో బ్యాండు డైరెక్టరు అల్ జి. రైట్ గారి కాలంలో హువానిటా కార్పెంటర్ అనే అమ్మాయితో మొదలైన సంప్రదాయం. ఆరోజు ఆ అమ్మాయి విసిరిన బ్యాటన్ ఎండలో వెలిగి, ఒక్క క్షణం కనబడకుండా పోయి, వెనక్కి తిరిగి ఉన్న ఆమె చేతిలోకే దిగింది. పాప నా చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టింది. నేను అంతకంటే ముందు ఆమె కాళ్లు చూశాను. మోకాలు ఎత్తినప్పుడు పాదం కొస నేలకి చాచి ఉంది, తాళం మొదటి దెబ్బకి ఎడమకాలు పడింది. అది లేకుండా పైన ఎంత విసిరినా వ్యర్థం. పోటీల్లో నడకకే విడిగా ఒక విభాగం ఉందని టీచరమ్మ చెప్పినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

మళ్లీ బ్యాటన్ దగ్గరికి. ఇప్పటికి వందలసార్లు కింద పడింది, సిమెంటు మీద కూడా. కడ్డీ ఇప్పటికీ టేబుల్ మీద సాఫీగా దొర్లుతుంది. అర మార్కు తగ్గించింది రబ్బరు గురించి. పది రోజులకే నల్లబడింది, పాత టూత్‌బ్రష్షుకి గిన్నెలు తోమే సబ్బు రాసి రుద్దితే తెలుపు చాలావరకు వచ్చింది. కొసలు అరిగిపోతే ఏం చేయాలో పెట్టెలో ఒక్క ముక్క రాసి లేదు. చెమట చేతులకి క్రోమియం జారుతుంది, పక్కన చిన్న తువ్వాలు ఉంచుకోవాలి. ఇంట్లో సీలింగ్ కింద విసరనివ్వకండి. మా పాపకి కనుబొమ్మ మీద బొప్పి కట్టింది, ఐసు పెట్టాం. ఆ రోజు నుంచి విసురుళ్లన్నీ పెరట్లోనే.

కొనేవాళ్లు కంపెనీ ఏదైనా సరే, చేయి కొలిచి కొనండి, రాగానే నున్నటి బల్ల మీద దొర్లించి చూడండి. కొట్టుకుంటూ దొర్లితే ఆరోజే వెనక్కి పంపండి. వంగిన కడ్డీని సుత్తితో సరిచేద్దామని చూడొద్దు, అది మళ్లీ మునుపటిలా తిరగదు.

నిన్న తలుపు పక్కన నిలబెట్టి మళ్లీ కొలిచాను. చేయి ముప్పావు అంగుళం పెరిగింది. వచ్చే నెల్లో 22 అంగుళాలది తెప్పిస్తాం. ఈ పాతది నాకిచ్చెయ్యమని అడిగితే పాప రెండు రోజులు ఆలోచించి సరేనంది. మా స్కూల్లో ఇప్పుడు బ్యాండు ముందు నడిచేది ఏడో తరగతి ఆడపిల్లట. ఆమెకి ఇది కాస్త పొట్టి కావచ్చు, కానీ మొదట మణికట్టు తిప్పడానికి చాలు. పెద్ద సూట్‌కేసులో అడుగున, చీరల మడతల మధ్య పెట్టమని మా అమ్మాయికి చెప్పాను.