హెండెల్‌దా, టెలిమన్‌దా? రెండు ఎఫ్ మేజర్ సొనాటాలు

రికార్డర్ అనే నిలువు వేణువు నేర్చుకునేవారికి, పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ స్వరకర్తలు హెండెల్, టెలిమన్ ఎఫ్ మేజర్ శ్రుతిలో రాసిన ఈ రెండు సొనాటాలూ (కొన్ని భాగాల వాద్యకృతులు) ఎంతో ప్రియమైనవి. టెలిమన్ సొనాటా 1728-29లో హాంబర్గ్‌లో ఆయనే నడిపిన సంగీత పత్రికలో వెలువడింది. మూడే భాగాలు, హుషారైన ఆరంభం. ముందుగా దీన్నే పట్టుకోండి.

హెండెల్‌ది నాలుగు భాగాలు, మొదటిదే నెమ్మది. కింద మంద్రస్వరాలు నిలకడగా నడుస్తుంటే పైన వేణువు దీర్ఘంగా పాడాలి. శ్వాస ఎక్కడ తీయాలో ముందే తేల్చుకోవాలి. రెండు సొనాటాల్లోనూ తోడు వాయించే హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి మీటల వాద్యం) కుడిచేతికి స్వరాలు రాసి ఉండవు. మంద్రం మీది అంకెలను బట్టి వాద్యకారుడే వాటిని అప్పటికప్పుడు అల్లుతాడు. హెండెల్ నెమ్మది భాగాల్లో ఆ అల్లికకు చోటెక్కువ, అందుకే తోడు వాయించే మనిషి మారితే సొనాటా రూపే మారిపోతుంది. డి మైనర్ శ్రుతిలో సాగే చిన్న సిసిలియానా (ఊగే లయ గల నెమ్మది భాగం) కోసమైనా నా ఓటు హెండెల్‌కే. ఆయన కూడా ఈ సొనాటాను వదల్లేదు, తరువాత ఆర్గన్ కన్చెర్టోగా (ఆర్గన్, వాద్యబృందం కలిసి వాయించే కృతిగా) మలిచాడు.